దాదా హంబర్ బండి, యాభై రూపాయల కర్జా

మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒకరోజు ఇషా నమాజ్ తర్వాత మా భాంజా ఒక మెసేజ్ పెట్టాడు. “చిక్కడపల్లి మామూ 1920ల నాటి వింటేజ్ రోడ్‌స్టర్ కొన్నారు. మరమ్మత్ చేయిస్తున్నారు.” అంతే. ఫోటో పెట్టలేదు బద్మాష్. పది నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. జెద్దాలో ఉన్న మా తమ్ముడు, “మాషా అల్లాహ్ భాయ్, లీటర్‌కి ఎంత ఇస్తుంది?” అన్నాడు. మా బావమరిది నాకు చేయలేదు, నేరుగా మా బీవీకే ఫోన్ చేసి, “బాజీ, దూల్హాభాయ్ పీఎఫ్ పైసలన్నీ తీసేశారా?” అని అడిగాడు. రిటైర్మెంటుకి రెండేళ్ళున్న బ్యాంకు గుమాస్తాని. అనుమానం రావడంలో వాళ్ళ తప్పు లేదు.

మర్నాడు ఫజర్ తర్వాత నేనే ఫోటో పెట్టాను. తుప్పు పట్టిన నల్ల సైకిల్. అందరూ నవ్వుకున్నారు. నవ్వనిది ఒక్కరే. వరంగల్‌లో ఉండే మా ఫుప్పు, ఎనభై అయిదేళ్ళ మనిషి. ఆమె మెసేజ్ రాయదు, గొంతు రికార్డు చేసి పంపుతుంది. “బేటా, దీనికి ముందర డబల్ పైపులున్నాయి కదా. ఇది మా అబ్బాజాన్ బండి లెక్కనే ఉంది. ఎక్కడ దొరికింది? నేను వస్తున్నా.”

ఆ బండి కథ, ఫుప్పు వచ్చాక ఆ కథ తలకిందులైన తీరు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. కొంచెం లంబా కథ. సబర్‌తో చదవండి.

ముందు మా భాంజా ఇజ్జత్ కాపాడాలి. వాడు అబద్ధం చెప్పలేదు. రోడ్‌స్టర్ అంటే పైకప్పు లేని రెండు సీట్ల కారు అని అందరికీ తెలుసు. మన హైదరాబాదీలకైతే పాత కారు మాట ఎత్తగానే చౌమహల్లాలోని 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ కళ్ళ ముందుకొస్తుంది. కానీ సైకిళ్ళ వ్యాపారంలో కూడా రోడ్‌స్టర్ అనే మాట ఉంది. నడుము నిటారుగా పెట్టి కూర్చునే బండి, ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, వైర్లు కాకుండా ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు, ఒంటి నిండా నలుపు. పాల క్యాన్లు కట్టుకుని తిరిగే బండి, పోస్ట్‌మన్ తొక్కిన బండి, అన్నీ ఆ ఖాందానే. మా బండి ఆ ఖాందాన్‌లో పెద్దమనిషి. పేరు హంబర్. థామస్ హంబర్ అనే ఆయన ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో మొదలుపెట్టిన సైకిళ్ళ కంపెనీ, తర్వాత కార్లు కూడా చేసింది. కాబట్టి మా బావమరిది భయం పూర్తిగా బేబునియాద్ కాదు.

మా దాదా భువనగిరి దగ్గరి పల్లె నుంచి పట్నం వచ్చి, నిజాం సర్కార్ దఫ్తర్‌లో మున్షీగా చేరారు. చిక్కడపల్లిలో ఒక గల్లీలో రెండు గదుల ఇల్లు. ఆయనకి ఒక డబల్ ఫోర్క్ హంబర్ ఉండేది. నేను ఆయన్ని చూడలేదు, 1951లోనే పోయారు. నాకు దాదా అంటే ఆ సైకిల్ గురించి అబ్బా చెప్పిన మాటలే. జుమ్మా రోజు తెల్ల షేర్వానీ వేసుకుని తొక్కేవారట. ఒక కాలు కిందపెట్టి ఆగితే గల్లీ పిల్లలంతా గంట కొట్టడానికి ఎగబడేవారట.

ఆ తర్వాత వాక్యం మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే. “పోలీస్ యాక్షన్‌లో బండి పోయింది.”

1948 సెప్టెంబర్ 13న మొదలై 17న ముగిసింది పోలీస్ యాక్షన్. దాని తర్వాత సర్కారీ నౌకరీలు పోయిన ముస్లిం ఇళ్ళు ఎన్నో. మా దాదాది కూడా పోయింది. మా గల్లీ మొదట్లో ఒక షావుకారు కిరాణా దుకాన్ ఉండేది. అబ్బా చెప్పిన ప్రకారం, ఇంట్లో పొయ్యి వెలగని ఆ రోజుల్లో షావుకారు నాలుగు పైసలు చేతిలో పెట్టి బండి లాక్కున్నాడు. అప్పుడు అబ్బాకి అయిదేళ్ళు. బండి దుకాన్ వెనక గదిలోకి పోవడం కళ్ళారా చూశారు.

అబ్బా ఆ దుకాన్‌లో ఎన్నడూ ఉప్పు పొట్లం కూడా కొనలేదు. అది మా ఇంటికి యాభై అడుగుల దూరం. ఆయన సంచీ పట్టుకుని నారాయణగూడ దాకా నడిచి సామాను తెచ్చేవారు. వానలో కూడా. నాకు ఏడేళ్ళప్పుడు ఆ దుకాన్‌లో అయిదు పైసలకి పిప్పరమెంట్లు కొనుక్కుని చప్పరిస్తూ వచ్చాను. అబ్బా నా మీద చెయ్యి చేసుకున్నది జిందగీలో అదొక్కసారే. నోట్లో ఉన్నది ఉమ్మేయించారు. నాకు కారణం చెప్పలేదు. రాత్రి అమ్మీ చెప్పింది, ఆ సైకిల్ సంగతి.

2009లో అబ్బా ఇంతెఖాల్ అయ్యారు. ఆ షిక్వా గుండెలో పెట్టుకునే పోయారు. దాన్ని నేను వారసత్‌లో తీసుకున్నాను.

ఇక బండి దొరికిన తీరు. నారాయణగూడ ఫ్లైఓవర్ నీడలో ఒక ఉస్తాద్ సైకిళ్ళు బాగుచేస్తారు. ఒకప్పుడు గంటకింత అని కిరాయి సైకిళ్ళు నడిపిన మనిషి. ఇప్పుడు కోచింగ్ పిల్లల గేర్ సైకిళ్ళకి పంచర్లు వేస్తున్నారు. నేను చిన్నప్పుడు అర్ధగంట కిరాయికి తీసుకుని ముప్పావు గంట తొక్కి ఆయన చేత తిట్లు తిన్నవాణ్ణే. ఒకరోజు చాయ్ దగ్గర ఆయన అన్నారు, “మియా, మీ గల్లీలో షావుకారు పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు కదా. అందులోంచి ఒక డబల్ ఫోర్క్ బండి బయటపడిందంట. జుమేరాత్ బజార్‌లో కబాడీ దగ్గరుంది.”

చాయ్ అక్కడే వదిలేసి లేచాను. జుమేరాత్ బజార్ పేరుకి తగ్గట్టు గురువారం నిండుతుంది. నేను పోయింది సోమవారం. కబాడీ మనిషి ఇంటికే పోయాను. ముందు ఇరవై అయిదు వేలన్నాడు. సినిమా వాళ్ళు అడుగుతున్నారన్నాడు. నా మొహంలో తొందర కనిపించిందేమో, బేరం చాలాసేపు నడిచింది. పద్నాలుగు వేలకి తెగింది. ఆటో ట్రాలీలో వేసుకుని వస్తుంటే నా లోపల ఏమనిపించిందో దాచకుండా చెప్తాను. జీత్ గయా అనిపించింది. డెబ్భై అయిదేళ్ళ కింద లాక్కున్నది వాపస్ తెచ్చుకున్నాను అనిపించింది.

ఉస్తాద్ బండి చుట్టూ మూడుసార్లు తిరిగారు. చూపించారు. ముందు చక్రానికి రెండు వైపులా మామూలు బండికి ఒక్కో పైపు ఉంటుంది. దీనికి రెండేసి సన్నటి పైపులు. అదే డబల్ ఫోర్క్, హంబర్ వాళ్ళ నిషానీ. పెడల్ దగ్గరి పళ్ళ చక్రం మధ్యలో చెయ్యీ చెయ్యీ కలిపినట్టు అయిదుగురు మనుషుల ఆకారాలు. అదీ వాళ్ళదే. హ్యాండిల్ కింద పైపుకి ఒక ఇత్తడి బిళ్ళ. చింతపండు రసంతో తోమితే కింది కొసన ‘కొవెంట్రీ’ అక్షరాలు తేలాయి. 1932లో హంబర్ సైకిళ్ళ వ్యాపారాన్ని ర్యాలీ కంపెనీ కొనేసింది. తయారీ కొవెంట్రీ నుంచి నాటింగ్‌హామ్‌కి మారిపోయింది. అంటే ఈ బండి అంతకు ముందుదే.

మా దాదా వస్తువుల్లో మిగిలింది ఒక రోజ్‌నామ్చా. ముస్‌హఫ్‌తో పాటు బట్టలో చుట్టి ట్రంకులో ఉంటుంది. అంతా షికస్తా ఉర్దూ, గొలుసుకట్టు రాత. నేను తెలుగు మీడియం వాణ్ణి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాను, ఖురాన్ అరబీలో తిలావత్ చేస్తాను, దాదా చేతిరాత మాత్రం నాకు చీమల బారు. మనలో ఎంతమంది ఇళ్ళల్లో ఈ హాల్ ఉందో మీకు తెలుసు. కానీ ఒక పేజీలో ఇంగ్లీషు అంకెల్లో ఒక నంబరు ఉందని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. సీటు కింద పైపు జాయింటు మీద తుప్పు గీకి, టార్చ్ వేసి చూశాను. ఒక్కో అంకె కలిసింది. ఆ సాయంత్రం అబ్బా ఖబర్ దగ్గరికి పోయి ఫాతెహా చదివి, “అబ్బా, బండి ఇంటికొచ్చింది” అని చెప్పాను.

మరమ్మత్‌కి మూడు నెలలు పట్టింది. ఆదివారాలు, సెలవు దినాలు. ఉస్తాద్ ఒకే షరతు పెట్టారు, “రంగ్ నక్కో మియా. మరమ్మత్ వేరే, మేకప్ వేరే.” నేనేమో కొత్త పెళ్ళికొడుకులా చేయాలని చూశాను. పౌడర్ కోటింగ్ చేసే జాగా కూడా చూసిపెట్టుకున్నాను. ఆయన ఫ్రేమ్ మీద ఒక మూల కిరోసిన్ గుడ్డతో తుడిచి చూపించారు. తుప్పు కింద పాత నలుపు బతికే ఉంది. దాని అంచున వెంట్రుకంత బంగారు గీత. “ఇది కొలిమిలో కాల్చి పట్టించిన ఎనామిల్. దీని మీద కొత్త రంగు కొడితే మీ దాదా ముట్టుకున్న బండి లోపలికి పోతుంది, బయట మీరు కొన్న రంగు ఉంటుంది.” ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

పెడల్ కర్రల్ని పట్టి ఉంచే కాటర్ పిన్నులు రాయిలా బిగుసుకున్నాయి. వారం రోజులు నూనె పోసినా కదల్లేదు. ఒకటి సుత్తి దెబ్బకి వచ్చింది, రెండోది డ్రిల్ పెట్టి తీయాల్సొచ్చింది. లోపలి గ్రీజు ఎండి లక్కలా అయింది. దాన్ని కిరోసిన్‌లో నానబెట్టి, పాత బాల్సు తీసి పావు అంగుళం బాల్సు కొత్తవి వేశాం. ముందు చక్రానికి ముప్పై రెండు పుల్లలు, వెనక చక్రానికి నలభై. పాత ఇంగ్లీషు లెక్క అదే, మన దేశీ బండ్ల లెక్క కూడా అదే. విరిగిన పుల్లలు పదకొండు. ఉస్తాద్ ఒక్కో పుల్లని వేలితో మీటి, చప్పుడు విని బిగించేవారు, సితార్ సరిచేసినట్టు.

టైర్ల దగ్గర భయపడ్డాను. వందేళ్ళ బండికి టైరు ఎక్కడ దొరుకుతుంది? ఉస్తాద్ నవ్వారు. ఇరవై ఎనిమిది బై ఒకటిన్నర. ఇప్పటికీ మన దేశంలో తయారవుతున్న సైజు. పాలవాడి బండికి వేసే టైరే హంబర్‌కి సరిపోయింది. బ్రేకు రబ్బర్లు కూడా అంతే. సీటు తోలు మాత్రం చీలికలైపోయింది. నారాయణగూడ మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దమనిషి పాత ఇనుప చట్రం మీద బర్రె తోలు తడిపి లాగి, రాగి మేకులు కొట్టి ఇచ్చాడు. మొత్తం మీద ఇంకో తొమ్మిది వేలు అయింది.

ఈ పనంతటిలో నేను సొంతంగా చేసింది ఒకటుంది. హ్యాండిల్ కింద, ఇత్తడి బిళ్ళ చుట్టూ, ఎర్రగా నల్లగా ఒక మందపాటి పొర పేరుకుని ఉంది. నూనె, దుమ్ము, ఎర్రమట్టి లాంటిదేదో, పొర మీద పొర. ఉస్తాద్ జొహర్ నమాజ్‌కి పోయినప్పుడు నేను కూర్చుని, కిరోసిన్, ఇనుప పీచు పెట్టి గంటసేపు తోమాను. గుడ్డలు గుడ్డలు ఎర్రగా వచ్చింది. కింద నలుపు మెరిసింది. ఉస్తాద్ వచ్చి చూసి, “అరే, అది తుప్పు లెక్క లేదు కదా మియా” అన్నారు. “మురికి ఉస్తాద్” అన్నాను. చాలా ఖుషీగా ఉన్నాను ఆ రోజు.

దాని తర్వాతే భాంజా మెసేజ్, ఫుప్పు రావడం.

ఫుప్పు వచ్చి ముందు బండి దగ్గర కూర్చుంది. ఆ రెండు పైపుల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. తర్వాత, “అబ్బాజాన్ కితాబ్ ఉండాలే, తీస్కరా” అంది. ఆమె చిన్నప్పుడు ఉర్దూ మదర్సాలో చదివింది. అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి, గొలుసుకట్టు రాతని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు విడదీసి చదివింది.

నంబరున్న పేజీ బహ్మన్ నెల, 1338 ఫస్లీ. నిజాం జమానాలో సర్కారీ లెక్కలన్నీ ఫస్లీలోనే. ఆ అంకెకి 590 కలిపితే మన లెక్క. అంటే 1928 చివర. హంబర్ సైకిల్, నంబరు ఇది, నెలకింత కిస్తీ. బండి ఏ సంవత్సరం మా ఇంటికొచ్చిందో అట్ల తేలింది. నేను ఉప్పొంగిపోయాను.

ఫుప్పు పేజీలు తిప్పుతూ పోయింది. ఆజర్ నెల, 1358 ఫస్లీ. అంటే 1948 అక్టోబర్. అక్కడ ఆగింది. పెదాలు కదిలించుకుంటూ ఒకసారి లోపల చదువుకుంది. తర్వాత నా దిక్కు చూసింది.

“మీ అబ్బా ఏం చెప్పేవాడు బేటా, బండి గురించి?”

చెప్పాను. లాక్కున్నాడని.

“తప్పు” అంది. “ఇక్కడ గిర్వీ అని రాసుంది.”

దాదా రాసుకున్నది ఇది. సైకిల్ షావుకారు సాహెబ్ దగ్గర గిర్వీ పెట్టాను. అరవై రూపాయలు, హాలీ సిక్కా. ఆయన బండి వద్దు, పైసలు ఊరికే తీసుకోండి అన్నాడు. నేను మానలేదు. మళ్ళీ విడిపించుకునే నియ్యత్‌తో పెట్టాను.

మరో రెండు నెలలకి ఇంకో వరస. పది రూపాయలు వాపస్. బాకీ యాభై. ఆ తర్వాత బాకీ గురించి ఏమీ లేదు. ఉన్నదంతా చావల్. చావల్ పది సేర్లు, ఉధార్. చావల్ అయిదు సేర్లు, ఉధార్. దాల్, ఉధార్. పేజీ తర్వాత పేజీ. ఎక్కడా కొట్టివేత లేదు. ఫుప్పు చదవడం ఆపేసి అంది, “ఆ సంచీ నేనే మోసుకొచ్చేదాన్ని. పదేళ్ళ పిల్లని. షావుకారు పైన ఒక గుప్పెడు ఎక్కువ పోసేవాడు.”

“మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు ఫుప్పూ?”

“నన్ను ఎవరు అడిగారు బేటా? పద్నాలుగేళ్ళకి షాదీ చేసి వరంగల్ పంపారు. మీ అబ్బా ఇంట్లో ఏం మాట్లాడుకునేవాడో నాకేం మాలూమ్?”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనకందరికీ తెలిసిన మస్లా ఇది. మయ్యత్ వదిలిపోయిన దాంట్లో వారసుల హక్ కన్నా ముందు కర్జా ఇచ్చినవాళ్ళ హక్. మన దగ్గర జనాజా నమాజ్‌కి ముందు వారసుడు నిలబడి చెప్తాడు, మర్హూమ్ ఎవరికైనా బాకీ ఉంటే నన్ను అడగండి, లేదా మాఫ్ చేయండి అని. అబ్బా జనాజాలో నేనే నిలబడి చెప్పాను. ఎవరూ ముందుకు రాలేదు. దిల్ హల్కా అయిందనుకున్నాను. అసలు బాకీ దాదా మెడ మీద అట్లనే ఉంది. దాన్ని మోస్తూ మేము షావుకారునే దొంగ అన్నాం, మూడు తరాలు. ఆయన దుకాన్ ముందు నుంచి సంచీ పట్టుకుని నారాయణగూడ పోయాం.

షావుకారు కుటుంబం ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాలేదు. ఇల్లు బిల్డర్‌కి ఇచ్చి అశోక్‌నగర్‌లో ఫ్లాట్‌లో ఉంటున్నారు. మర్నాడే పోయాను. సిటీ సెంట్రల్ లైబ్రరీ దాటి, గ్రూప్స్ పుస్తకాల దుకాణాలు దాటి, మూడో అంతస్తు. కింద మెట్ల మీద కూర్చుని ఇద్దరు పిల్లలు కరెంట్ అఫైర్స్ ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు. నా జేబులో ఒక కవర్ ఉంది. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్ రూపాయలు అనేది ఆ జమానా మారకం. ఆ ప్రకారం యాభై హాలీకి నలభై మూడు కూడా రావు. డెబ్భై అయిదేళ్ళకి దాన్ని ఎట్ల హెచ్చించాలో నా బ్యాంకు అనుభవం పనికిరాలేదు. సూద్ మాట ఎట్లాగూ లేదు. తోచినంత పెట్టుకుని పోయాను.

తలుపు తీసింది షావుకారు గారి అబ్బాయి. అబ్బాయి అంటే ఎనభై దాటినాయన. చెవులు కొంచెం మందం. గల్లీ పేరు చెప్పి, ఫలానా మున్షీ గారి మనుమణ్ణి పెద్దయ్యా అన్నాను.

“మున్షీ సాబ్ మనుమడివా? రా, లోపలికి రా. ఇన్ని దినాలకు వచ్చినవా!”

కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. నేను రోజ్‌నామ్చా తీసి, ఫుప్పు చదివింది చదివినట్టు చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నారు.

“మా నాయన చెప్పేది. సాయిబు గారి బండి, వాళ్ళు అడిగినప్పుడు ఇయ్యాలె అని. మీ తాత పోయినంక మా నాయన ఆ బండి తోలుకొని మీ ఇంటికి వచ్చిండు, పైసలొద్దు తీసుకోండ్రి అని. మీ దాదిమ్మ పర్దా ఎనక నుంచి చెప్పిందట, ‘కర్జా తీరినంక తీసుకుంటం, అప్పటిదాంక మీ ఇంట్ల అమానత్’ అని. అమానత్ అన్నంక మేమెట్ల తొక్కుతం? వెనక గదిల నిలబెట్టినం. పోయిన సంవత్సరం నేను దవాఖానల ఉన్నప్పుడు మా వాడు పాత సామానుతోటి అమ్మేసిండు. తెలిసి నేను రెండు దినాలు అన్నం తినలే.”

“మా అబ్బా...” అన్నాను. తర్వాత మాట రాలేదు.

“మీ నాయన మా దుకాన్ ముంగట తల దించుకొని పోతుండె. బాకీ ఉన్నదని శరమ్ పడుతున్నడేమో అనుకున్నం. పిలిస్తే ఇంకింత ఇబ్బంది పడతడని మేం కూడ పిలవలే. ఆయన పోయిననాడు వచ్చిన నేను. మీ మసీదు బయట రోడ్డుకు అటు పక్క నిలబడ్డ.”

అంటే, నేను నిలబడి ‘ఎవరికైనా బాకీ ఉంటే అడగండి’ అన్నప్పుడు, అడగాల్సిన మనిషి రోడ్డుకి అటు పక్కనే ఉన్నాడు. అడగలేదు.

నేను ఫోన్‌లో బండి ఫోటో చూపించాను. మెరుస్తున్న నలుపు, కొత్త సీటు. ఆయన దగ్గరగా పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి, హ్యాండిల్ కింద చూశారు.

“కుంకుమ ఏది?” అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

“దసరాకు దసరాకు మా అమ్మ, తర్వాత నా భార్య, బండి కడిగి పసుపు కుంకుమ పెట్టేది. మా ఇంట్ల తరాజు, గల్లా పెట్టె, మీ బండి. మూడింటికీ. అరవై, డెబ్భై దసరాలు. గట్టిగ పేరుకొని ఉండాలె.”

ఇనుప పీచు, కిరోసిన్, ఎర్రటి గుడ్డలు. నేను మురికి అన్నది అది. తుడిచేశాను అని చెప్పాను. దాచాలని ఒక్క క్షణం అనిపించింది, దాచలేకపోయాను. మాఫ్ చేయండి పెద్దయ్యా అన్నాను. ఆయన కొద్దిసేపు ఏమీ అనలేదు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఆయన భార్య పోయి నాలుగేళ్ళయిందని గోడ మీది ఫోటో చూస్తే తెలుస్తోంది. తర్వాత, “తెల్వక చేసినవ్ లే” అన్నారు.

కవర్ తీసి ముందు పెట్టాను. ఆయన దాన్ని తెరవలేదు.

“మీ తాత పుస్తకంల బాకీ ఎంత రాసుంది?”

“యాభై.”

“యాభై ఇయ్యి.”

“పెద్దయ్యా, అప్పటి యాభై...”

“రాసినకాడికి ఇయ్యి. నేను తీసుకోకుంటే మీ తాత మెడ మీదనే ఉంటది కదా. మీలో అట్లనే అంటరు, నాకు తెల్సు.”

యాభై రూపాయల నోటు ఇచ్చాను. ఆయన కళ్ళకద్దుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. దాదా రోజ్‌నామ్చాలో బాకీ యాభై అన్న వరస పక్కన పెన్నుతో తెలుగులో ‘ముట్టింది’ అని రాసి సంతకం చేశారు. ఆ పుస్తకంలో తెలుగు అక్షరాలు అవే.

చావల్ లెక్క కూడా ఎత్తాను. “అది మా నాయన రాసుకోలే. రాయని బాకీ నేనెట్ల తీసుకుంట?” అన్నారు. దాదా రాసుకున్నారు, షావుకారు రాసుకోలేదు. ఆ హిసాబ్ ఎట్ల ముగించాలో నాకు ఇంకా తెలియదు. ఆలోచిస్తున్నాను.

ఆ తర్వాత జుమ్మా రోజు మొదటిసారి బండి తీశాను. చిక్కడపల్లి నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, స్టీల్ బ్రిడ్జి కింద నీడలో అశోక్‌నగర్. కార్లన్నీ పైన పోతుంటే కింద మా హంబర్ పోతోంది. ఎత్తు బండి, బరువు బండి. మొదట తొక్కడం కష్టం, ఒకసారి కదిలిందంటే దాని అంతట అదే పోతుంది. పెద్దయ్య కిందికి దిగివచ్చి, గంట మూడుసార్లు కొట్టి చూసుకున్నారు. ఎనభై ఏళ్ళ మొహం ఎనిమిదేళ్ళది అయింది. వాళ్ళింట్లో ఉన్నన్ని సంవత్సరాల్లో ఆ గంట కొట్టడానికి కూడా వాళ్ళ నాయన ఒప్పుకోలేదట, అమానత్ అని.

దసరాకి బండి వాళ్ళ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కి తీసుకుపోయాను. ఆయన మనుమరాలు నీళ్ళ చెంబు పట్టుకుంటే ఆయన హ్యాండిల్ కింద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. నేను బండి పడకుండా పట్టుకుని నిలబడ్డాను. ఫోటో గ్రూపులో పెడితే ఒక కజిన్ అడిగాడు, “భాయ్, ఇది జాయిజేనా?” ఆ సవాల్ నేనూ వేసుకున్నాను. నా ఇబాదత్ నాది, నా ఖిబ్లా నాది. ఆయన పెట్టింది ఆయన ఇన్నేళ్ళు కాపాడిన అమానత్‌కి. నేను చేసిందల్లా ఒక్కటే, ఈసారి తుడవలేదు. కజిన్‌కి జవాబు ఫుప్పు ఇచ్చింది, గొంతు రికార్డు చేసి. “బేటా, ఆ ఇంటి చావల్ తిని మేము బతికాం. ఆ తర్వాతే నువ్వు పుట్టావ్.” గ్రూపు చుప్.

మర్నాడు చైన్ కొంచెం వదులైతే నారాయణగూడ తీసుకుపోయాను. ఉస్తాద్ పానా తీసి, బండి స్టాండ్ వేసి, హ్యాండిల్ కింద ఎర్రటి బొట్టు చూశారు. దాని గురించి నన్నేమీ అడగలేదు. నూనె గుడ్డ తీసుకుని ఫ్రేమ్ అంతా తుడిచారు, ఆ ఒక్క జాగా వదిలేసి.